ఎడమచేతి కోత

పెద్దింట్లమ్మ గంజి గిన్నెను మోకాలితో పక్కకు నెట్టింది. గిన్నె పడలేదు. అటూ ఇటూ ఊగి, నాలుగు చుక్కలు అరుగు మీద ఒలకబోసి నిలబడింది.

"రెండు రోజులైంది అత్తా," అంది నూకరత్నం.

"మూడవుద్ది. నాలుగవుద్ది. ఈ ఇంట్లో మగోడు లేచేదాకా ముద్ద ముట్టను."

ఆ మగవాడు, ముసలమ్మ పెద్దకొడుకు, నూకరత్నం మొగుడు పల్లంరాజు, పెరట్లో ఉన్నాడు. దడి పక్కన రాయి మీద తమ్ముడి చొక్కా ఉతుకుతున్నాడు. నెత్తురు మరక ఒక పట్టాన వదలడం లేదు కాబోలు, రాతి మీద గుడ్డ పడే చప్పుడు తెల్లవారినప్పటి నుంచీ ఆగలేదు. ఆ చప్పుడు వినిపించినప్పుడల్లా పెద్దింట్లమ్మ పళ్ళు బిగిస్తోంది. చినరేవులో మగవాళ్ళు బట్టలు ఉతకరు. పల్లంరాజు లాంటి మగవాడు అసలే ఉతకడు.

ముసలమ్మ తలకు సరిగ్గా పైన, దూలానికి, రేవు కర్ర వేలాడుతోంది. నూనె పట్టి నల్లబడ్డ వెదురు. రెండు చివర్లా ఇనుప పొన్ను. పల్లంరాజు తాత పట్టింది, తండ్రి పట్టింది, పదిహేనేళ్ళుగా పల్లంరాజు పట్టింది. చినరేవుకు ఎవరితో తగువొచ్చినా ముందు నడిచేది ఆ కర్రే. అందుకే అది ఏ ఇంట ఉంటే, గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర మొదటి వలచోటు ఆ ఇంటిది. పోటుతో పైకెక్కే చేప ముందుగా తగిలేది ఆ చోట వల కట్టే గుంజలకే. పదహారేళ్ళ కాపురంలో నూకరత్నం తిన్న ప్రతి మెతుకూ ఆ చోటు పెట్టిందే.

నడింట్లో మంచం మీద మరిది సురేంద్ర మూలుగుతున్నాడు. కుడిచేతికి మోచేయి దాటేవరకు సిమెంటు కట్టు. మూడు రోజుల కిందట అవతలి రేవువాళ్ళు అతన్ని ఇసుక మేట మీద పట్టుకున్నారు. మంచు రోజుల్లో మా వల కోసింది నువ్వేనన్నారు. కాదంటే వినలేదు. చెయ్యి విరిచి, కోసిన వల ముక్క ఒకటి గుండెల మీద పడేసి, పడవలోకి తోసి పంపించారు.

ఊరంతా సురేంద్ర మాటే నమ్మింది. కులపెద్ద గంగరాజు నిన్న వచ్చి అరుగు మీద కూర్చుని, చుట్ట అయిపోయేదాకా కాల్చి, చివరికి ఒక్కటే చెప్పి వెళ్ళాడు. ఇవాళ మధ్యాహ్నం పోటు ఎక్కేలోగా కర్ర కదలాలి. కదలకపోతే దాన్ని దించి తన ఇంటికి పంపించాలి. పట్టేవాడికి ఊళ్ళో లోటు లేదు. కర్రతోపాటు వలచోటూ వాడిదే అవుతుంది.

పల్లంరాజు దానికి రెండు మాటలే అన్నాడు. "కర్ర ఎత్తను."

నాలుగు నెలల కిందట కాలవలో బాప్తిస్మం తీసుకున్న దగ్గర్నుంచి అతను అలా రెండేసి మాటలే మాట్లాడుతున్నాడు. ఊరు మొదట నవ్వింది. ఇప్పుడు నవ్వడం లేదు.

వీధి గుమ్మంలో ఏదో పెట్టిన చప్పుడైంది. నూకరత్నం వెళ్ళి చూసింది. చేటలో డజను ఆకుపచ్చ గాజులు, పసుపు కొమ్ములు, ఒక ఎర్ర రవికెముక్క. కుళాయి దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళలో ఒకావిడ, ఎవరితోనో చెబుతున్నట్టుగా, ఆ ఇంట్లో కొత్తగా ఆడపడుచు వెలిసింది కదా, సారె పెట్టకపోతే ఏం బాగుంటుందని గట్టిగా అంది. మిగతావాళ్ళు పైటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నూకరత్నం చేట మీదికి వంగింది. ఎత్తి విసిరికొట్టాలో, లోపలికి తీసుకుపోయి దాచేయాలో తెలియలేదు. చెవులు కాలిపోతున్నాయి. ఈ ఊళ్ళో ఆమెకు ఎదురు నిలబడి మాట్లాడిన ఆడది లేదు. ఆ ధైర్యం తనదేనని ఇన్నాళ్ళూ అనుకుంది. అది దూలానికి వేలాడే కర్రదని ఈ మూడు రోజుల్లో తెలిసింది.

"ఎవరివమ్మా ఆ గాజులు?"

ఏసమ్మ. ఊరవతల పేటలో ఉంటుంది, ఎండుచేపలు అమ్ముకుంటుంది. ఎడమకాలు ఈడుస్తూ నడుస్తుంది. నెత్తి మీద బుట్ట, చేతిలో ఆకు పొట్లం. పల్లెవాళ్ళు పేటవాళ్ళను అరుగు ఎక్కనివ్వరు కనుక, ఎప్పటిలాగే వాకిట్లోనే ఆగింది.

"ఎవరివీ కావు," అంది నూకరత్నం.

"అయితే నేను తీసుకోనా?"

జవాబు కోసం ఆగలేదు. బుట్ట దించి, అక్కడే నేల మీద చతికిలబడి, చేట దగ్గరికి లాక్కుంది. ఒక్కో గాజూ వేళ్ళు ముడిచి నెమ్మదిగా ఎక్కించుకుంది. ముప్ఫై ఏళ్ళుగా బోసిగా ఉన్న చేతులు. కుళాయి దగ్గర బిందె పొర్లిపోతున్నా ఎవరూ పట్టించుకోలేదు. అటు ఆరు, ఇటు ఆరు తొడుక్కుని, ఏసమ్మ రెండు చేతులూ ఎండలోకి చాపి చూసుకుంది.

"మా ఆయన పోయేక చేతికి గాజు ఎక్కలేదమ్మా," అని ఆడవాళ్ళ వైపు తిరిగింది. "ఎవరు తెచ్చేరో గాని సైజు బాగా కుదిరిందండి. చల్లగా ఉండండి."

నూకరత్నానికి మూడు రోజుల తర్వాత నవ్వొచ్చింది. ఆపుకోలేనంత వచ్చింది. పెద్దింట్లమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. నవ్వు దాచుకోవడానికో, కోపం దాచుకోవడానికో తెలియలేదు.

పొట్లంలో ఎండు నెత్తళ్ళు ఉన్నాయనీ, సురేంద్రకు నోటికి రుచిగా ఉంటాయనీ చెప్పి, ఏసమ్మ గాజులు గలగలలాడించుకుంటూ వెళ్ళిపోయింది. ఆ నడక చూస్తూ నూకరత్నం చాలాసేపు నిలబడింది. ఒకప్పుడు వలచోట్లు పంచుకునే రోజున ఈవిడ తెలియక బుట్టతో రేవులోకి దిగితే, మైల అంటూ ఆ బుట్టను ఏట్లోకి తన్నింది పల్లంరాజే. రెండేళ్ళ కిందటి తుఫానులో ఇల్లు కొట్టుకుపోయి తాను పుట్టింట తలదాచుకున్నప్పుడు, జ్వరంతో పేట ప్రార్థన మందిరంలో పడి ఉన్న అతనికి ఇరవై రోజులు గంజి పోసింది ఈవిడే. అక్కడే ఏదో జరిగింది. ఏం జరిగిందని నూకరత్నం అడగలేదు, అతను చెప్పలేదు.

ఆమె లోపలికి వచ్చి మరిది పక్కబట్ట మార్చబోయింది. బొంత దులిపితే వల ముక్క కింద పడింది. అవతలి రేవువాళ్ళు విసిరిన ముక్క. మూడు రోజుల నుంచి అది బొంత కిందే ఉంది. ఎవరూ దాన్ని సరిగ్గా చూడలేదు. చూడ్డానికి ఏముంది?

చుట్టి మూలకు పడేయబోతూ, అలవాటు కొద్దీ, కోసిన అంచు వేళ్ళతో తడిమింది.

వేళ్ళు ఆగిపోయాయి.

గుమ్మం దగ్గర వెలుతురులోకి తెచ్చి చూసింది. వలకన్ను కోసినప్పుడు ఒకవైపు దారం పొట్టిగా తెగుతుంది, రెండోవైపు తోకలా మిగులుతుంది. కుడిచేత్తో కోస్తే ఆ తోక కుడివైపు ఉంటుంది. ఈ ముక్కలో ప్రతి కంటికీ తోక ఎడమవైపు ఉంది. పై అంచున వలను తేల్చే బెండ్ల తాడు ఉంది, ముడుల మొహం ఇటే ఉంది కాబట్టి తలకిందులుగానో, తిరగేసో చూశానేమోనన్న అనుమానానికీ చోటు లేదు. వల బాగుచేసేటప్పుడు ఇలాంటి తోకలు ముడిలో ఇమడవు. పదహారేళ్ళుగా తిట్టుకుంటూ ముడేస్తూనే ఉంది.

"సురేంద్రా, నీకు ఎడంచేత్తో వల కొయ్యడం వచ్చా?"

సురేంద్ర నొప్పిలోనే నవ్వాడు. "కుడిదే పోయింది వదినా. ఎడందానికి ఇప్పుడు ఎవరు నేర్పుతారు?"

చినరేవులో ఎడమచేతి వాటం ఒక్కడికే ఉంది. ఆ చేతికి భయపడే అవతలి రేవు ఇన్నేళ్ళూ మొగ దాటి ఇటు రాలేదు.

ఆమె పెరట్లోకి వెళ్ళి ఆ ముక్కను రాయి మీద, తడి చొక్కా మీద పడేసింది. పల్లంరాజు చెయ్యి గాల్లో ఆగింది. ముక్క వైపు చూశాడు. ఆమె మొహం వైపు చూడలేదు. నడింట్లోంచి సురేంద్ర మూలుగు ఒకసారి వినిపించి ఆగింది. దడి మీద కాకి ఎగిరిపోయింది. ఆమె ఏమీ అడగలేదు. అడగాల్సిన అవసరం లేకపోవడమే ఆమెకు భరించరానిదిగా ఉంది.

"మంచు రోజుల్లో," అన్నాడు చివరికి. "మేట దగ్గర్నుంచి నలభై బారలు కొలుచుకుంటే మన చోటు. నాన్న అలాగే కొలిచేవాడు. నేనూ అలాగే కొలిచేను. ఆళ్ళ గుంజలు మన చోట్లోకి వచ్చేసినట్టు కనబడ్డాయి. కోసేసేను."

"మరి?"

"మంచు విడిపోయేక చూసేను. మేటే జరిగింది, ముందు నెల వచ్చిన చిన్న తుఫానుకి. గుంజలు ఆళ్ళ చోటులోనే ఉన్నాయి."

ఏసమ్మ బుట్ట సంగతీ, తాగిందీ, కొట్టిందీ అన్నీ బాప్తిస్మానికి ముందు పాస్టరు గారి దగ్గర చెప్పేశాననీ, ఇది ఒక్కటే మింగేశాననీ అన్నాడు. ఎందుకు మింగావని అడిగింది. చెబితే భీమరాజు ముందు తల వంచాలి అన్నాడు. అవతలి రేవు పెద్ద భీమరాజు. అతని ముందు ఈ ఇంటి తల ఏనాడూ వంగలేదు.

"కర్ర ఎత్తనన్నావు," అంది నూకరత్నం. గొంతు పెంచలేదు. "దేవుడి కోసం అనుకున్నాను. ఊరంతా పిరికోడంటే, నాకొక్కదానికి తెలుసులే అనుకున్నాను. నాకు ఆయన మీద నమ్మకం లేదు మావా. నీకుందనుకున్నాను."

పల్లంరాజు చొక్కా మడతల్లోకి చూస్తున్నాడు.

"బలం మీద ఆశ వదిలేసేనన్నావు. తమ్ముడు మూడు రోజుల్నించి మూలుగుతుంటే ఇంత మాట కడుపులో దాచుకున్నావు. ఇంత బలం ఎక్కడిదయ్యా నీకు?"

"చెబితే ఏమవుద్దో తెలుసా?"

"తెలుసు. చోటు పోద్ది. కుళాయిలో నీళ్ళు పోతాయి. మా పుట్టింటోళ్ళు గుమ్మం ఎక్కనివ్వరు. చెప్పకపోతే ఏమవుద్దో కూడా తెలుసు. పోటు ఎక్కేసరికి ఇంకోడెవడో ఆ కర్ర పట్టుకు ఎల్తాడు. ఏ పాపం ఎరగనోడి తల పగులుద్ది. ఇటైనా, అటైనా."

తర్వాత అతను లేచాడు. చొక్కా పిండి, దులిపి, దడి మీద ఆరేశాడు. మరక పూర్తిగా పోలేదు. చేతులు తుడుచుకుని ఇంట్లోకి నడిచి, తల్లి తల మీదుగా చెయ్యి చాపి, కర్రను దూలం నుంచి దించాడు.

పెద్దింట్లమ్మ పైకి చూసింది. ఆమె కళ్ళు మెరిశాయి. ఒక్క మాట అనకుండా గంజి గిన్నె ఒళ్ళోకి లాక్కుని, రెండు చేతులతో ఎత్తి, ఊపిరి తీసుకోకుండా తాగేసింది.

నూకరత్నం ఆ గిన్నె వైపు చూడలేకపోయింది.

వాళ్ళు రేవుకు చేరేసరికి కబురు ముందే చేరింది. నలుగురైదుగురు కుర్రవాళ్ళు పడవలు నీళ్ళలోకి తోస్తున్నారు. గంగరాజు తువ్వాలు భుజాన సర్దుకుని ఎదురొచ్చి, నీ తండ్రి బతికొచ్చినట్టుందిరా అన్నాడు. ఎవరూ రావక్కర్లేదు, నేనొక్కణ్ణే వెళ్తాను అన్నాడు పల్లంరాజు. అది కూడా గొప్పగానే వినిపించింది వాళ్ళకు. గుంపులో ఒకడు ఈల వేశాడు.

నూకరత్నం పడవ ఎక్కబోతే గంగరాజు చెయ్యి అడ్డం పెట్టాడు. కర్ర వెళ్ళే పడవలో ఆడమనిషి కాలు పెట్టకూడదు.

"ఈ పడవ కన్నాలకి తారు పూసింది నేనే పెద్దయ్యా," అని ఆమె ఎక్కి కూర్చుంది.

పోటు నీరు మొగ లోంచి లోపలికి తోసుకొస్తోంది. పల్లంరాజు తెడ్డు వేస్తున్నాడు. కర్ర ఇద్దరి మధ్యా పడవ అడుగున పడి ఉంది, నీళ్ళు తగిలి పొన్ను మెరుస్తోంది. నడి ఏట్లోకి వచ్చాక ఆమె అడిగింది.

"ఏసమ్మ నీకు ఏం చెప్పింది, ఆ జ్వరంలో?"

అతను తెడ్డు వేస్తూనే చెప్పాడు.

"నన్నెందుకు చూస్తున్నావే అని అడిగేను. నీ బుట్ట తన్నినోణ్ణి కదా అన్నాను. 'నువ్వు తన్నినప్పుడు బుట్టే పోయింది బాబూ, నేను పోలేదు' అంది." తెడ్డు ఆగింది. "నేను పడుకుని ఆలోచించేను రత్నం. నేనెవరైనా తంతే నేను పోకుండా ఉంటానా అని. కర్ర పోతే నేనుంటానా అని."

పడవ తనంతట తానే కొంచెం దూరం జరిగింది.

"ఆయన చేతులకి మేకులు కొట్టిన రోజున బలం అంతా కొట్టినోళ్ళ దగ్గరే ఉంది," అన్నాడు మళ్ళీ. "ఆళ్ళ పేర్లు ఎవరికి తెలుసు ఇప్పుడు?"

ఆ దేవుడి సంగతి నూకరత్నానికి తెలియదు. కానీ తెడ్డు అవతలి ఒడ్డు వైపే పడుతోంది. పదిమందిని తరిమిన రోజున కూడా ఈ మనిషిని చూసి ఆమెకు ఇంత భయం వేయలేదు. ఇంత గర్వమూ కలగలేదు.

అవతలి ఒడ్డున భీమరాజూ, అతని వెనక పదిహేనుమందీ ఉన్నారు. చేతుల్లో తెడ్లు, బరిసెలు. పల్లంరాజు మోకాలి లోతు నీళ్ళలో దిగి, కర్రను రెండు చేతుల మీదా అడ్డంగా పెట్టుకుని నడిచి వెళ్ళి, భీమరాజు కాళ్ళ ముందు ఇసుకలో పెట్టాడు.

"మీ వల కోసింది నా తమ్ముడు కాదండి. నేను. మేట జరిగిందని తెలీక కోసేను. తెలిసేక దాచేను."

ఎవరూ నమ్మలేదు. ఇదేదో ఎత్తుగడ అని ఒకడు అన్నాడు. నూకరత్నం కొంగున చుట్టి తెచ్చిన వల ముక్కను పడవలోంచే ఎత్తి చూపించి, తోకలు ఏ వైపు ఉన్నాయో చూసుకోమంది. వాళ్ళూ వల అల్లేవాళ్ళే. ముక్క చేతులు మారింది. ఒక ముసలాయన దాన్ని వెనక్కి ఇచ్చేస్తూ భీమరాజు చెవిలో ఏదో చెప్పాడు.

భీమరాజు వంగి కర్ర తీసుకున్నాడు. ఎన్నో ఏళ్ళుగా తన వాళ్ళ వీపుల మీద ఆడిన కర్ర. చేతిలో బరువు చూసుకుని, ఎత్తి, పల్లంరాజు భుజం మీద కొట్టాడు. పల్లంరాజు ముందుకు తూలి, నిలదొక్కుకుని, మళ్ళీ అక్కడే నిలబడ్డాడు. రెండోది వీపు మీద పడింది. నూకరత్నం పడవ అంచును గోళ్ళతో పట్టుకుంది. పల్లంరాజు చేతులు పక్కన వేలాడుతూనే ఉన్నాయి. ఎడమచేతి పిడికిలి బిగుసుకోవడం ఆమె చూసింది. తర్వాత ఒక్కో వేలూ విడిపోవడం కూడా చూసింది.

మూడో దెబ్బకు కర్ర లేచింది గాని పడలేదు. ఎత్తిన చెయ్యి అలాగే కాసేపు ఉండి, తనకే ఎబ్బెట్టుగా అనిపించినట్టు కిందికి దిగింది.

"ఏరా, నీకు సిగ్గు లేదా?" అన్నాడు భీమరాజు. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"ఉందండి. మంచు రోజుల్నించీ ఉంది. ఇప్పుడే కొంచెం తగ్గింది."

భీమరాజు కర్ర తన దగ్గరే ఉంచుకున్నాడు. పాకలోంచి కోసిన వల మొత్తం తెప్పించి, పడవలో పడేయించాడు. ప్రతి కన్నూ మళ్ళీ అల్లి తీసుకురావాలి. అదీ పగటిపూట, మీ రేవులో, అందరూ చూస్తుండగా అల్లాలి. ఎవరి వల అని అడిగితే ఎవరిదో చెప్పాలి. అలా చేస్తే సురేంద్ర చెయ్యి విరిచినందుకు తాను వచ్చి ఆ కుర్రాడితో మాట్లాడతానన్నాడు. క్షమించానని మాత్రం అనలేదు.

తిరిగి వస్తుంటే చినరేవు ఒడ్డు మీద జనం కేకలు దూరానికే వినిపించాయి. పడవ దగ్గరకొచ్చేకొద్దీ కేకలు తగ్గాయి. పల్లంరాజు చొక్కా వీపున చిరిగి ఉంది. పడవలో వల కుప్ప ఉంది. కర్ర లేదు.

"కర్ర ఏదిరా?" అన్నాడు గంగరాజు.

"ఇచ్చేసేను పెద్దయ్యా."

అక్కడే, నీళ్ళలో నిలబడే, పల్లంరాజు మొత్తం చెప్పాడు. మంచు, మేట, నలభై బారలు, కోత. చెప్పడం అయ్యాక, పోటు నీరు గుంజలకు తగిలే చప్పుడు ఒడ్డుదాకా వినిపించింది. జనం మధ్యలో పెద్దింట్లమ్మ కూర్చుండిపోయింది. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది, తాగిన గంజి నొప్పి పుట్టించినట్టు.

గంగరాజు చెడ్డవాడు కాదు. కర్ర లేని రేవును రేపటి నుంచి తాను ఎలా కాయాలోనన్న దిగులు అతని మొహంలో కనిపిస్తోంది. గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు. కుళాయి లేదు, నిప్పు లేదు, పలకరింపు లేదు. పల్లంరాజు పడవ ఈ రేవులో కట్టకూడదు. పేటవాళ్ళ దేవుడు కావాలనుకున్నాడు కనుక పేటకే పోవచ్చు.

తర్వాత నూకరత్నం వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నువ్వు ఆ బాప్తిస్మం నీళ్ళలో మునగలేదు కదమ్మాయ్. నీకీ గోలెందుకు? అత్తతో ఇంట్లో ఉండు. వలచోటు సురేంద్ర పేరున ఉంచుతాను. ఆ మాట నాది."

అది చిన్న మాట కాదు. ఇల్లు, చోటు, నీళ్ళు, పుట్టింటి గుమ్మం, అన్నీ ఆ మాటలో ఉన్నాయి. ఆమె చేయాల్సిందల్లా పడవ దిగి పది అడుగులు ఇటు నడవడం.

నూకరత్నం పడవ దిగింది. వల కుప్ప కొస పట్టుకుని లాగింది. పల్లంరాజు రెండో కొస అందుకున్నాడు. ఇద్దరూ దాన్ని ఒడ్డుకు లాక్కొచ్చి, సరిగ్గా గంగరాజు నిలబడ్డ చోటుకు ఎదురుగా పరిచారు. ఆమె కొప్పులోంచి వెదురు సూది తీసి, దారం ఎక్కించి, నేల మీద కూర్చుంది.

"నేను మునగలేదు పెద్దయ్యా. ఆయనెవరో నాకింకా తెలీదు. కాని పదహారేళ్ళ నుంచి ఈ రేవులో తగువులు చూస్తున్నాను. తప్పు నాది అన్న మగోణ్ణి ఒక్కణ్ణి చూళ్ళేదు. మీ నోటంటా వినలేదు, మా మావగారి నోటంటా వినలేదు. ఇయ్యాళే విన్నాను." మొదటి కన్ను దగ్గరికి లాగి ముడేసింది. "మీ కర్ర దూలానికి ఉన్నన్నాళ్ళూ నాకు ధైర్యం ఉందనుకున్నాను. అది ఎల్లిపోయింది. నేనిక్కడే ఉన్నాను. చూసుకోండి."

"ఎవరి వల అది?" అని పొద్దున కుళాయి దగ్గరున్న ఆడవాళ్ళలో ఒకావిడ అడిగింది. ఎగతాళిగానే అడిగింది.

"అవతలి రేవోళ్ళది," అంది నూకరత్నం, అందరికీ వినిపించేలా. "మేం కోసేం. మేమే అల్లుతున్నాం."

రెండో కన్ను ముడేసింది. మూడోది పట్టుకుంది. జనం పక్కకు తప్పుకోవడం తల ఎత్తకుండానే ఆమెకు తెలిసింది. ఎవరో నడిచి వస్తున్నారు, ఒకవైపు ఒరిగి, బరువుగా.

సురేంద్ర. సిమెంటు కట్టు మెడకు వేలాడుతోంది. ఎడమచేతిలో వలకత్తి ఉంది. ఆ చేతికి అలవాటు లేదు, పట్టు సరిగ్గా కుదరలేదు.

"నువ్వా అన్నా?"

"నేనేరా."

"మూడు రోజుల్నించి నా నోట్లో గంజి పోసేవు. నా చొక్కా ఉతికేవు. అప్పుడూ తెలుసు నీకు."

"తెలుసు."

పల్లంరాజు పడవ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎడమచేతి చొక్కా మోచేయి పైకి మడిచాడు. ఆ చేతిని పడవ అంచు మీద చాపి, అరచెయ్యి పైకి తిప్పి పెట్టాడు. రేవు బలమంతా అందులోనే ఉందని ఊరు ఇన్నేళ్ళూ చెప్పుకున్న చెయ్యి.

"ఇది నీది సురేంద్రా. ఏం చేసుకున్నా అడ్డం పెట్టను."

గంగరాజు ఆపలేదు. పెద్దింట్లమ్మ 'ఒరే' అంది. గుంపుకు ఆవల, పేట దారిలో, గాజుల చప్పుడు ఒక్కసారి వినిపించి ఆగిపోయింది.

నూకరత్నం చేతిలో సూది మొదటిసారి నిలిచిపోయింది.

సురేంద్ర రెండడుగులు ముందుకు వేసి అన్న మీదికి వంగాడు. చాపిన చెయ్యి మీద కత్తి నీడ వణుకుతూ పడింది. చెయ్యి కదలలేదు.